తెల్లరంగు కింద పేర్లు

"మామ బోర్లా పడుండాడు మేడమ్. మొహం చూద్దామని నేనే వెల్లకిలా తిప్పినా" అంది హీనా.

కరుణాకుమారి ఆ మాట దగ్గర ఆగిపోయింది. మళ్ళీ చెప్పమంది. హీనా మళ్ళీ అదే చెప్పింది. ఈసారి కొంచెం బెదురుతూ చెప్పింది, తానేదో చేయకూడని పని చేసినట్టు.

ముత్తుకూరులో హీనా మామ మౌలా ఇంటిని ఆనుకుని ఉన్న రేకుల షెడ్డు అది. ఎదురుగా ముందు చక్రాలు లేని పాత అంబాసిడర్ ఇటుకల మీద నిలబడి ఉంది. మొన్న సాయంత్రం మౌలా ఈ కారు కిందే నలిగాడు. భుజం, పక్కటెముకలు విరిగాయి. తలకు గట్టి దెబ్బ తగిలింది. నెల్లూరులో ఒక ప్రైవేటు ఆస్పత్రిలో స్పృహ లేకుండా ఉన్నాడు. జాకీ పట్టు తప్పి కారు మీద పడిందని, ఇది ప్రమాదమేనని పోలీసులు రాసుకుని వెళ్ళిపోయారు. కోడలు హీనాకు మనసొప్పలేదు. నెల్లూరులో డిటెక్టివ్ ఏజెన్సీ నడుపుతున్న కరుణాకుమారికి ఫోన్ చేసింది.

హీనా అనుమానానికి కారణం పెద్దదేమీ కాదు. మౌలా ఆర్టీసీలో బస్సు నడిపి రిటైరైన మనిషి. ఒట్టి జాకీని నమ్మి బండి కిందికి దూరడం ఆయనకు తెలియదు. కారు ముందు భాగం లేపి, రెండు పక్కలా చెక్క దిమ్మెలు పెట్టి, చేత్తో ఊపి చూసుకుని అప్పుడు దూరేవాడు. ఆ రోజు పొద్దున టీ ఇవ్వడానికి వచ్చినప్పుడు కారు దిమ్మెల మీదే ఉందని హీనా చెప్పింది.

కారు మనుబోలు నుంచి వచ్చింది. అక్కడ మూతబడిన రైసుమిల్లును కూలగొడుతుంటే గోదాములో మూలన బయటపడింది. ఇనుప సామానుకు పోవలసిన దాన్ని మౌలా కొని, కొడుకు ముబీన్ లారీ మీదే ఇంటికి తెచ్చుకున్నాడు. అప్పటినుంచి ఆయనకు వేరే లోకం లేదు. ఇంజను దించాడు, సీట్లు పీకాడు, తుప్పు తిన్నచోట రేకు అతికించి టింకరింగ్ చేయించాడు. రంగు మాత్రం ఎవరినీ ముట్టుకోనివ్వలేదు. ఉప్పు కాగితం పెట్టి తానే జానెడు జానెడు గీకుతూ వచ్చాడు. బండి తయారైతే భార్య షాహిదాబీని అందులో కూర్చోబెట్టుకుని కసుమూరు దర్గాకు పోవాలని ఆయన కోరిక. ముందు వీధి చివరిదాకా పోనీ చూద్దాం అని ఆమె వెక్కిరించేది.

కరుణాకుమారి మోకాళ్ళ మీద కూర్చుని కారు కిందకు చూసింది. జాకీ పక్కకు దొర్లి ఉంది. జాకీని కిందికి దించడానికి ఆయిలు వదిలే మర పూర్తిగా తిప్పేసి ఉంది. చెక్క దిమ్మెలు గోడవారన ఒకదాని మీద ఒకటి ఒద్దికగా పేర్చి ఉన్నాయి. వాటి మీదివైపు తడిమింది. ఇనుము నొక్కుకుని పడిన గాడి, అందులో నల్లటి గ్రీజు, తుప్పు రజను ఉన్నాయి. బరువు మోసిన దిమ్మెలే అవి. ఎవరో జాకీని ఇంకాస్త పైకెత్తి, దిమ్మెలు లాగి, గోడపక్కన పేర్చి, ఆ తర్వాతే మర తిప్పారు.

"మీ మామ కింద మెలకువగా ఉంటే ఆ చేతులు కనపడవా?" అంది ఆమె. "పైగా బండి కింద పనిచేసేవాళ్ళు పైకి చూస్తూ పడుకుంటారు. బోర్లా పడుకుని నేలను బాగుచేస్తారా?"

హీనా నోటికి చున్నీ అడ్డం పెట్టుకుంది. ఇంతవరకూ ఆమెది అనుమానమే. ఎదుటి మనిషి నోట అది నిజమై వినపడేసరికి డ్రమ్ము మీద కూర్చుంది.

ఆ సాయంత్రం ఏం జరిగిందో కరుణాకుమారి మొదటినుంచీ అడిగింది. అత్త షాహిదాబీ చెల్లెలి ఇంటికి నెల్లూరు వెళ్ళింది. ముబీన్ ఇంట్లో లేడు. హీనా సాయంత్రం అసర్ నమాజులో ఉండగా ధనమని చప్పుడైంది. పరుగున వచ్చి చూస్తే కారు కిందినుంచి ఆయన కాళ్ళు మాత్రం కనపడుతున్నాయి. కేకలు విని వీధివాళ్ళు వచ్చారు. టైర్ల షాపు ఫ్రెడ్డీ లారీలకు వాడే పెద్ద జాకీ తెచ్చి కారు లేపాడు. అందరూ కలిసి బయటకు లాగారు. అంబులెన్సు వచ్చేలోపు హీనా ఆయన్ని తిప్పి తల ఒళ్ళో పెట్టుకుంది. పోలీసులు వచ్చేసరికి షెడ్డులో మనిషి లేడు, నెత్తుటి మరక తప్ప.

ఇంతలో వాకిట్లో జీపు ఆగింది.

సర్కిల్ ఇన్‌స్పెక్టర్ విజయభాస్కర్ షెడ్డులోకి వస్తూనే కరుణాకుమారిని చూసి టోపీ తీసి చంకలో పెట్టుకున్నాడు. ఒకప్పుడు ఇద్దరూ ఒకే స్టేషన్లో ఎస్సైలుగా పనిచేశారు. ఆమె ఉద్యోగం మానేసి సొంతంగా ఏజెన్సీ పెట్టుకున్నాక, అతను ఆమె పేరు ఎత్తిన ప్రతిసారీ ఒక నవ్వు నవ్వుతాడని ఆమెకు తెలుసు. ఇప్పుడూ అదే నవ్వు నవ్వాడు.

"నా సర్కిల్లో యాక్సిడెంట్లు కూడా మీరే చూసుకుంటా ఉన్నారంట, కరుణగారూ. నాకు కొంచెం పని తగ్గింది."

ఆమె వాదానికి దిగలేదు. మర చూపించింది. దిమ్మెలు చూపించింది. బోర్లా పడి ఉన్న సంగతి హీనా చేతే చెప్పించింది. విజయభాస్కర్ నవ్వు మానేశాడు. దిమ్మెల దగ్గర గొంతుక్కూర్చుని గాడిలో బొటనవేలు పెట్టి చూసుకున్నాడు.

"ఇది మేం చూడాల్సింది" అన్నాడు చివరకు. "మా వాళ్ళు చూడలేదు."

కరుణాకుమారి ఇంతటితో పని సగం అయిందనుకుంది. అప్పుడే ముబీన్ మోటారు సైకిలు మీద వచ్చాడు, తండ్రికి లుంగీలు, దుప్పటి పట్టుకుపోవడానికి. రెండు రాత్రులు నిద్ర లేక అతని కళ్ళు లోపలికి పోయాయి. విజయభాస్కర్ లేచి అతన్ని పక్కకు పిలిచి మెల్లగా ఒక్కొక్కటే అడిగాడు. పోర్టుకు లారీ నడిపేది నువ్వేగా అన్నాడు. అవునన్నాడు ముబీన్. జాకీ వాడటం బాగా తెలుసా అన్నాడు. తెలుసన్నాడు. ఆ రోజు మధ్యాహ్నం మీ నాయనతో గొడవపడినావంట, వీధంతా విన్నారంట అన్నాడు.

ముబీన్ తల దించుకున్నాడు. తండ్రికి కిందటేడు గుండెకు స్టెంటు వేశారు. డాక్టరు బరువులు ఎత్తొద్దన్నాడు. ఆయన వినకుండా రోజంతా ఆ కారు కిందే పడి ఉంటున్నాడు. ఆ కోపంలో, నువ్వు లేనప్పుడు చూసి ఈ తుక్కును లారీకెక్కించి అమ్మేస్తా అని అరిచాడు. అమ్మితే నా శవం మీద నుంచి తీసుకుపో అని ఆయనా అరిచాడు. ముబీన్ అన్నం తినకుండా వెళ్ళిపోయాడు.

"యాడికి పోయినావు?"

"సముద్రం కాడికి. కృష్ణపట్నం అవతల ఒక్కడినే కూర్చోనున్నా. హీనా ఫోన్ చేసిందాక ఆడనే."

"నిన్ను చూసినోళ్ళు?"

ముబీన్ లేరన్నట్టు తల అడ్డంగా ఊపాడు.

విజయభాస్కర్ కరుణాకుమారి వైపు తిరిగాడు. "యాక్సిడెంట్ కాదని మీరే తేల్చినారు. దానికి చాలా థాంక్స్. జాకీ తెలిసినోడు, గొడవపడినోడు, ఆ టయానికి యాడుండాడో చెప్పలేనోడు ఒకడే కనపడతా ఉండాడు నాకు."

జీపు ఎక్కించే ముందు ముబీన్‌తో మాట్లాడటానికి ఆమె అడిగి సమయం తీసుకుంది. ఒకే ప్రశ్న వేసింది. ఈ కారు గురించి మీ నాన్న ఈ మధ్య కొత్తగా ఏమైనా చెప్పాడా అని. గొడవ మధ్యలో ఆయన ఒక మాట అన్నాడని ముబీన్ చెప్పాడు. 'ఇది తుక్కు కాదురా, ఇది మనది కూడా కాదు' అన్నాడట. కోపంలో ఏదో అంటున్నాడనుకుని ముబీన్ పట్టించుకోలేదు.

ఆ మాట విజయభాస్కర్ కూడా విన్నాడు. భుజాలెగరేశాడు. కరుణాకుమారి అతనికి అడ్డం నిలబడింది.

"ఒక్కటి చేయండి. ఆస్పత్రిలో ఒక కానిస్టేబుల్‌ను పెట్టండి. చంపాలనుకున్నవాడు ఆయన బతికున్నాడని వింటాడు కదా."

"చంపాలనుకున్నోడు నా జీపులో ఉండాడు" అన్నాడతను. ముందు స్టేషన్లో వాంగ్మూలం రాయించుకుని, తర్వాత డీఎస్పీ ఎదుట హాజరు పరచడానికి నెల్లూరు తీసుకుపోతామని హీనాకు చెప్పి బయల్దేరాడు.

జీపు వీధి మలుపు తిరిగేదాకా హీనా గుమ్మం పట్టుకుని నిలబడింది. వెనక్కి తిరిగినప్పుడు ఆమె గొంతులో ఏడుపు లేదు.

"నేను మిమ్మల్ని పిలిచింది ఇందుకా మేడమ్? యాక్సిడెంటని రాసుంటేనే బాగుండేది. మా ఆయనన్నా ఇంట్లో ఉండేవాడు."

నిజం బయటపెట్టడం తన పని అనుకుంటూ వచ్చిన కరుణాకుమారికి, తాను తీసిన సగం నిజం ఒక అమాయకుడి మెడకు చుట్టుకోవడం కళ్ళారా కనపడింది. ఓదార్పు మాటలు చెప్పి వెళ్ళిపోయే హక్కు తనకు లేదనిపించింది. మళ్ళీ షెడ్డులోకి నడిచింది.

ఈసారి ఆమె కారు ముందు వైపు పోలేదు. మనిషి పడినచోటే అందరూ చూశారు, తాను కూడా. మౌలా చివరగా నిజంగా పనిచేసిన చోటు ఏది? నేల మీద తెల్లటి పొడి ఎక్కడ ఎక్కువ ఉందో వెతికింది. అది వెనకాల, డిక్కీ కింద కుప్పగా ఉంది. వాడేసిన, మడతలుపడిన ఉప్పు కాగితం ముక్కలు కూడా అక్కడే పడి ఉన్నాయి. అంటే ఆయన చివరగా గీకింది డిక్కీనే.

కానీ డిక్కీ మీద గీకిన జాడ లేదు. అడుగుభాగాన జానాబెత్తెడు మేర, రంగుకు ముందు వేసే బూడిదరంగు ప్రైమర్ పూసి ఉంది. చుట్టూ అంతా పాత తెల్లరంగే. ప్రైమర్లో బ్రష్షు వెంట్రుకలు రెండు మూడు అంటుకుని ఎండిపోయాయి. అంచులు వంకరటింకరగా ఉన్నాయి.

హీనాను పిలిచి చూపించింది. హీనా దగ్గరకొచ్చి చూసి ఆశ్చర్యపోయింది. మామ ప్రైమర్ బ్రష్షుతో వేయడు. బండి మొత్తం గీకడం అయ్యాక మిషను తెప్పించి కొట్టిస్తానని అందరికీ చెప్పేవాడు. ఆ డబ్బా తెచ్చింది తుప్పుపట్టిన సందుల్లో పూయడానికి. అంతలో ఆమెకు ఏదో తట్టి లోపలికి పోయి ఆ రోజు వేసుకున్న చున్నీ తెచ్చింది. ఇంటి వైపు నుంచి పరుగెత్తుకొస్తూ కారు వెనక భాగాన్ని రాసుకుని వచ్చింది తను. చున్నీ కొసన బూడిదరంగు మరక ఉంది. నెత్తురుతో పాటు అదీ ఉతికినా పోలేదని చెప్పింది.

అంటే కారు పడేసరికి ఆ పూత ఇంకా తడిగానే ఉంది. మౌలా పూసి ఉంటే బ్రష్షును రంగు కరిగించే థిన్నరులో ముంచి పెట్టేవాడు. అది మూల పారేసి ఉంది, రంగుతో బిర్రబిగుసుకుని. ఎవరో ఆయన్ని కొట్టి పడేశాక, ముందు దీన్ని కప్పారు. తర్వాతే ఆయన్ని ఈడ్చుకుపోయి కారు కిందికి తోశారు. కారు పడితే చప్పుడవుతుందని, మనుషులొస్తారని తెలిసి ఆ పని చివరకు పెట్టుకున్నారు. పని కాగానే షెడ్డు వెనక రేకు సందులోంచి రొయ్యల గుంటల వైపు జారుకుని ఉంటారు.

కరుణాకుమారి తన ఫోన్ హీనా చేతికిచ్చి వీడియో తీయమంది. గుడ్డను థిన్నరులో తడిపి, బరువు పెట్టకుండా మెల్లగా తుడవడం మొదలుపెట్టింది. ప్రైమర్ కొత్తది కాబట్టి సులువుగా కరిగి వచ్చేసింది. దాని కింద మౌలా గీకినంత మేర తెల్లరంగు పోయి ఆకాశనీలం కనపడింది. నీలం మీద పసుపు పచ్చ అక్షరాలున్నాయి. ఎవరో పెయింటరు ఒకప్పుడు గుండ్రంగా రాసినవి.

రెబెక్క. దాని పక్కన, ఫ్లోరా.

రెబెక్కలో క వత్తు మాత్రం మిగతా అక్షరాల్లా లేదు. లావుగా, వంకరగా, వేరే చేత్తో రాసినట్టుంది.

హీనా ఫోన్ దించి అక్షరాల మీదికి వంగింది. వీధి మొదట్లో హోటలు నడిపే రెబెక్కమ్మ ఉందని, ఆమె కూతురి పేరు ఫ్లోరా అని, మదనపల్లెలో నర్సుగా చేస్తోందని చెప్పింది. రెబెక్కమ్మ భర్త క్రీస్తురాజు ఈ ఊళ్ళో టాక్సీ నడిపేవాడట. పద్దెనిమిదేళ్ళ కిందట కారుతో సహా వెళ్ళిపోయి మళ్ళీ రాలేదు. ఎవరితోనో లేచిపోయాడని ఊరంతా చెప్పుకుంటారు. హీనా కాపురానికి వచ్చిన కొత్తలోనే ఆ కథ ఆమె చెవిన పడింది.

ఇది మనది కూడా కాదు అని మౌలా ఎందుకన్నాడో కరుణాకుమారికి అప్పుడు అర్థమైంది.

హోటల్లో మధ్యాహ్నం జనం పోయి బెంచీలు ఖాళీగా ఉన్నాయి. రెబెక్కమ్మ పొయ్యి దగ్గర పప్పు గిన్నె దించుతోంది. యాభై దాటిన మనిషి, మాట తక్కువ. క్రీస్తురాజు పేరు వినగానే ఆమె ముఖం బిగుసుకుపోయింది. ఆయన సంగతి నన్నడగొద్దు అంది. ఇన్నేళ్ళూ ఆ పేరుతో తనను పలకరించిన వాళ్ళందరూ ఏదో ఒకటి గుచ్చడానికే పలకరించారు.

కరుణాకుమారి ఫోన్ ఆమె ముందు పెట్టింది.

రెబెక్కమ్మ తడి చేతులు కొంగుకు తుడుచుకుని ఫోన్ దగ్గరగా తీసుకుంది. క వత్తు మీద వేలు పెట్టింది.

"పెయింటరు మర్చిపోయినాడు ఇది. రెబెక అని రాసి పెట్టినాడు. నేను నవ్వినానని ఈయన చీపురుపుల్ల రంగులో ముంచి తనే దిద్దినాడు." తర్వాత తలెత్తి చూసింది. "ఇది యాడ దొరికింది?"

మనుబోలు సంగతి చెప్పింది కరుణాకుమారి. మనుబోలు ఎంత దూరమో రెబెక్కమ్మకు తెలియంది కాదు. అంత దగ్గర్లో, తాళం వేసిన గోదాములో ఇన్నేళ్ళూ ఉందన్నమాట ఆ కారు. మద్రాసులో టాక్సీ నడుపుకుంటున్నాడని, అక్కడ ఇంకో సంసారం ఉందని ఆమెకు చెప్పారు.

"ఎవరు చెప్పినారమ్మా ఆ మాట?"

"ఫ్రెడ్డీ. మా మరిది. కోయంబేడు బస్టాండులో కళ్ళారా చూసొచ్చినానని చెప్పినాడు. అన్న నిన్ను మర్చిపోమన్నాడు వదినా అని ఏడ్చినాడు."

టైర్ల షాపు ఫ్రెడ్డీ. కారు లేపడానికి జాకీ తెచ్చిన మనిషి. అంతమంది చూస్తుండగా తేకుండా ఎలా ఉంటాడు అనుకుంది కరుణాకుమారి. గొంతు మామూలుగానే ఉంచుకుని, మౌలా మీ దగ్గరకు ఎప్పుడైనా వచ్చాడా అని అడిగింది.

వచ్చాడని చెప్పింది రెబెక్కమ్మ. ఆ రోజు పొద్దున వచ్చి టిఫిను కూడా తినకుండా తన వైపే చూస్తూ కూర్చున్నాడు. పోతూ పోతూ, పని ముగించుకుని ఒకసారి ఇంటికి రా రెబెక్కా, ఒకటి చూపించాలి అన్నాడు. ఏందన్నా అంటే, చూస్తే నీకే తెలుస్తుంది, పాత కారు సంగతి అన్నాడు. సాయంత్రం ఆమెకు పొయ్యి వదిలే వీలు లేకపోయింది. టీకి వచ్చిన మరిదితో చెప్పి, నువ్వు పోయి చూసిరా నాయనా అని పంపించింది. ఫ్రెడ్డీ తిరిగొచ్చి, ఏం లేదు వదినా, కారు చూపించి గొప్పలు చెప్పుకోవాలని పిలిచినాడు, నేను వచ్చేసినాకే బండి మీద పడింది అన్నాడు.

చెబుతూ చెబుతూనే ఆమెకు అర్థమైపోయింది. గరిటె పట్టుకున్న చెయ్యి గిన్నె అంచున ఆగిపోయింది.

"నేనే పంపించినా" అంది.

కరుణాకుమారి షాహిదాబీకి ఫోన్ చేసింది, మౌలాను విడిచి ఎక్కడికీ పోవద్దని చెప్పడానికి. షాహిదాబీ గొంతు వెనక గిన్నెల చప్పుడు వినపడింది. ఆమె ఆస్పత్రి కింద క్యాంటీన్లో ఉంది. పొద్దుట్నుంచీ ఏమీ తినలేదని ఫ్రెడ్డీ బలవంతం చేసి పంపించాడట. పాపం షాపు కట్టేసి వచ్చినాడమ్మా, ఆయన దగ్గర కూర్చోనుండాడు అంది.

వెంటనే పైకి వెళ్ళమని, నర్సును కేకేయమని ఆమెకు చెప్పి కరుణాకుమారి విజయభాస్కర్‌కు ఫోన్ చేసింది. రెండోసారికి ఎత్తాడు. ఆమె ఏదీ వివరించలేదు. మౌలా మంచం పక్కన ఇప్పుడు కూర్చున్నవాడే ఆయన్ని కొట్టినవాడని, పేరు ఫ్రెడ్డీ అని, తన దగ్గర రుజువుందని, తాను ముత్తుకూరులో ఉన్నానని చెప్పింది. అవతల అతను జీపు డ్రైవరును తొందరపెట్టడం వినపడింది. ఇందాక తాను పెట్టనన్న కానిస్టేబులు అతనికి గుర్తుకొచ్చి ఉండాలి.

"నెల్లూరులోకి వచ్చేసినా, ముత్తుకూరు గేటు దాటినా" అన్నాడు. "అయిదు నిమిషాల్లో ఉంటా."

కరుణాకుమారి తన కారులో రెబెక్కమ్మను ఎక్కించుకుని నెల్లూరు చేరేసరికి అంతా అయిపోయింది. ఏం జరిగిందో షాహిదాబీ చెప్పింది. జీపులో ఆ ఫోన్ మాటలు విన్న ముబీన్, బండి ఆగీ ఆగకముందే కానిస్టేబుల్ చేతుల్లోంచి విడిపించుకుని మెట్లెక్కి పరుగెత్తాడు. పారిపోతున్నాడనుకుని విజయభాస్కర్ వెంటబడ్డాడు. గదిలో ఫ్రెడ్డీ మంచం మీదికి వంగి ఉన్నాడు. ఆక్సిజన్ ట్యూబు అతని పిడికిట్లో మెలి తిరిగి ఉంది. ముబీన్ అతన్ని నడుం పట్టి లాగి గోడకేసి కొట్టాడు. వెనకాలే వచ్చిన విజయభాస్కర్ కళ్ళారా చూశాడు. షాహిదాబీ నర్సును వెతికి వెంటబెట్టుకుని వచ్చి ట్యూబు సరిచేయించింది. మౌలా ప్రాణం నిలబడింది. ఇప్పుడు ముబీన్ తండ్రి కాళ్ళ దగ్గర కూర్చుని ఉన్నాడు. అతన్ని లెమ్మని ఎవరూ అనలేదు.

కారిడార్లో బెంచీ మీద ఇద్దరు కానిస్టేబుళ్ళ మధ్య ఫ్రెడ్డీ కూర్చున్నాడు. విజయభాస్కర్ ఎంత అడిగినా నోరు విప్పడం లేదు. కరుణాకుమారిని చూసి విజయభాస్కర్ రెండడుగులు ముందుకొచ్చాడు. ఏదో అనబోయి ఆమె వెనక ఉన్న మనిషిని చూసి తప్పుకున్నాడు.

రెబెక్కమ్మ మరిది ఎదురుగా నిలబడింది. గొంతు పెంచలేదు.

"మీ అన్న యాడుండాడు ఫ్రెడ్డీ?"

అతను తల ఎత్తలేదు. అలాగే చెప్పడం మొదలుపెట్టాడు. అన్న తనకు బండి నేర్పిస్తున్నాడు. సముద్రం వైపు సరుగుడు తోట పక్కన ఒక బాట ఉండేది. రివర్సు తీయమని వెనకాల నిలబడి చేత్తో చూపిస్తున్నాడు. తాను బ్రేకు అనుకుని ఎక్సలేటర్ తొక్కాడు. కారుకూ చెట్టుకూ మధ్య అన్న నలిగిపోయాడు. దిగి చూసేసరికి ప్రాణం లేదు.

భయంతో ఆ ఇసుకలోనే పూడ్చిపెట్టాడు. కారును రాత్రికి రాత్రి మెల్లగా నడుపుకుంటూ మనుబోలు తీసుకుపోయి, తెల్లరంగు వేయించి, కాగితాలు లేకుండానే మిల్లు యజమానికి అప్పగించేశాడు. చచ్చిపోయాడంటే యాడ అని అడుగుతారు. లేచిపోయాడంటే తిట్టి ఊరుకుంటారు. అందుకే అలా చెప్పానన్నాడు. మొన్న మౌలా డిక్కీ చూపించి, మీ అన్నను మద్రాసులో చూసినానన్నావే, మరి కారు ఈడెట్టుందని అడిగాడు. చేతికందిన పానా తీసుకుని కొట్టాను అన్నాడు.

"నేను తిట్టలేదు" అంది రెబెక్కమ్మ. "ఒక్కనాడు కూడా తిట్టలేదు."

విజయభాస్కర్ ఆ తోట ఎక్కడని అడిగాడు. ఇప్పుడది లేదని, కొట్టేసి బొగ్గు యార్డు కట్టారని ఫ్రెడ్డీ చెప్పాడు. "అయితే ఇంక ఆయన ఆడ లేడన్నమాట" అని విజయభాస్కర్ కరుణాకుమారి వైపు చూశాడు. శవం లేకుండా పాత కేసు నిలబెట్టడం ఎంత కష్టమో ఇద్దరికీ తెలుసు.

"లేడని ఎవరన్నారు?" అన్నాడు ఫ్రెడ్డీ. మొదటిసారి తలెత్తి వదిన ముఖంలోకి చూశాడు. "తోట కొట్టేస్తా ఉండారని తెలిసిన వారమే అమ్మ పోయింది. అమ్మకు గొయ్యి నేనే తవ్వినా, నీకు గుర్తుందా? రోజంతా తవ్వినా. లోతు ఎందుకంత అని పాస్టరుగారు కూడా అడిగినాడు. పొద్దుగూకినాక పోయి అన్నను తెచ్చినా. గోనెలో మిగిలిందే తెచ్చినా వదినా. అడుగున పెట్టి మట్టి కప్పినా. తెల్లారి మనం అమ్మ పెట్టెను ఆయన మీదే దించినాం."

రెబెక్కమ్మ చెయ్యి గోడ కోసం వెతుక్కుంది. కరుణాకుమారి పట్టుకుని కూర్చోబెట్టింది.

"ఏటా సమాధుల పండక్కి దానికి సున్నం కొట్టేది నేనే" అంది రెబెక్కమ్మ. "అత్తకు పూలు పెట్టి ఆడనే మోకరించేదాన్ని. ఈయన యాడున్నా చల్లగా చూడు ప్రభువా అని."

ఫ్రెడ్డీ రెండు చేతులూ ముఖానికి అడ్డం పెట్టుకున్నాడు. ఆమె అతని వైపు మళ్ళీ చూడలేదు. కాసేపటికి విజయభాస్కర్‌ను, సమాధి ఎప్పుడు తవ్వుతారని అడిగింది. తహసీల్దారు సమక్షంలో తవ్వాలని, రేపు మధ్యాహ్నానికి కావచ్చని అతను మర్యాదగా, టోపీ చేతిలో పట్టుకుని చెప్పాడు.

"మా ఫ్లోరా వచ్చిందాక ఆగండి సార్. రాత్రి బస్సుకు రమ్మంటా" అందామె. ఫోన్ తీసి కూతురి నంబరు కోసం వెతుకుతూ ఆగింది. "మీ నాయన మనల్ని వదిలేసి పోయినాడని చెప్పి పెంచినా దాన్ని. ముందు ఆ మాట వెనక్కి తీసుకోవాల."